ఎవాల్డ్ రాయి, ఇల్వా లెక్క

తెర మీద పసుపు త్రికోణం మళ్ళీ ప్రత్యక్షమైంది. పక్కన ఎప్పటి వాక్యమే: పరిష్కారం కుదురుకోలేదు, ఫలితాలను నమ్మవద్దు. "నమ్మితే కదా" అని దానికి జవాబు చెప్పి, ఇల్వా చల్లారిపోయిన కాఫీ ఒక గుక్క తాగి మొహం చిట్లించింది. యంత్రాలతో మాట్లాడే అలవాటు ఆమెకు చిన్నప్పటి నుంచీ ఉంది. మనుషుల కంటే అవే నయం, అడిగినదానికి సూటిగా చెబుతాయి అని ఆమె ఉద్దేశం. ఆ వసంతంలో మాత్రం ఆ ఉద్దేశం కాస్త సడలింది.

ఇల్వా స్వీడన్ అడవుల్లో రొమ్‌హుల్ట్ అనే ఊరి గాజు కర్మాగారంలో లెక్కలు కడుతుంది. పొద్దున పూట పక్క ఊరి కిటికీల కంపెనీలో కూర్చుని, చలి ఏ చట్రం సందులోంచి ఎంత లోపలికి వస్తుందో తేలుస్తుంది. మధ్యాహ్నం నుంచి ఇక్కడ. ఊళ్లో కొట్టు నడిపే ఇల్వా ఇంకొకామె ఉంది కాబట్టి ఈమెను లెక్కల ఇల్వా అంటారు. వయసు యాభైకి దగ్గర పడింది. పొడుగు మనిషి. జుట్టు తనే కత్తిరించుకుంటుంది, ఆ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేకుండానే తెలుస్తుంది. పెళ్ళి ఒకటి అయింది, పోయింది. ఊరి బ్యాండులో బాకా ఊదుతుంది. బాగానే ఊదుతుందని అందరూ అంటారు గానీ ముందు వరుసలో మాత్రం నిలబెట్టరు.

గాజు గురించి ఒక్క ముక్క చెప్పుకోవాలి. కరిగిన గాజును అచ్చులో పోసి ఊరికే వదిలేస్తే, పైపొర ముందు చల్లారి ముడుచుకుంటుంది. లోపలిది ఇంకా వేడి మీద ఉండి, నేను ముడుచుకోనంటుంది. ఆ పెనుగులాటలో ముక్క పగులుతుంది. అప్పుడే పగలకపోతే ఏ నెల తర్వాతో, అల్మరాలో, ఎవరూ ముట్టుకోకుండానే పగులుతుంది. అందుకే చల్లార్చే బట్టీలో పెట్టి, వేడిని రోజుకింత చొప్పున దించుతారు. ముక్క మందం పెరిగేకొద్దీ ఓపిక పెరగాలి. ఎంత మందానికి ఎంత ఓపిక అన్నదే ఇల్వా లెక్క.

ఈసారి ఆ లెక్క ఒక సమాధి రాయి కోసం.

కిందటి శరత్కాలంలో ఆమె మేనమామ ఎవాల్డ్ పోయాడు. గాజు ఊదేవాళ్లలో పెద్ద మేస్త్రీ, నోరు మాత్రం మహా దురుసు. ఇల్వా తల్లి ఆస్పత్రిలో డ్యూటీలతో సతమతమవుతున్న రోజుల్లో ఆ పిల్లను వెంటేసుకుని తిరిగినవాడు అతనే. వేడి అంటే ఏమిటో ఇల్వా బళ్లో నేర్చుకోలేదు, ఎవాల్డ్ చెక్క చెప్పుల వెనకాల నడుస్తూ నేర్చుకుంది. అతని భార్య మార్గిట్‌కు ఎనభై నిండబోతున్నాయి. ఆవిడ మొగుడి తల దగ్గర గ్రానైటు పెట్టడానికి ససేమిరా ఒప్పుకోలేదు. బతికినంత కాలం ఇసుక కరిగించినవాడి నెత్తిన బండరాయి పెడతారా అని పాస్టర్‌నే నిలదీసింది. ఎవాల్డ్ తన చేత్తో కూర్చుకున్న ఆకుపచ్చ ఒకటుంది, అడవి చెరువు రంగు. ఆ గాజుతోనే మందపాటి పలక పోయించి, దాని మీద పేరు చెక్కించి పెట్టాలని ఆవిడ పట్టు పట్టింది.

ఫిబ్రవరిలో పోశారు. ఇల్వా చెప్పిన చొప్పున వారాల తరబడి చల్లార్చారు. మార్చి చివర్లో బట్టీ తలుపు తీసేసరికి పలకకు అడుగు నుంచి నడుమ దాకా ఒక పగులు ఉంది. మార్గిట్ దాని మీద వేలితో రాసి చూసింది. "ఇంకోటి పోయొచ్చులే" అని కోటు తొడుక్కుని ఇంటికి వెళ్లిపోయింది. తర్వాత రెండు మూడు రోజులు ఆవిడ వంటింటి కిటికీలో దీపం వెలగలేదు. ఆ సంగతి ఊరంతా చూసింది.

ఇంకోటి పోయొచ్చు నిజమే, కానీ ఇంకొక్కటే. ఎవాల్డ్ కలిపి పెట్టిన ముడిసరుకు ఇంకో పలకకు సరిపోను మిగిలింది, అంతే. పెద్ద కొలిమిని జూన్‌లో వచ్చే మిడ్‌సమ్మర్ పండక్కి ముందు శాశ్వతంగా ఆర్పేయాలని యజమాని హోకన్ తీర్మానించాడు. ఆ తర్వాత అక్కడ ఉండేది యాత్రికుల కోసం చేపబొమ్మలు చేసే చిన్న కరెంటు పొయ్యి. అంటే మార్గిట్ అత్తకు ఎవాల్డ్ రాయి దక్కాలంటే ఆ ఒక్క పోతా తప్పు పోకూడదు. తప్పు పోకూడదంటే, మొదటిది ఎందుకు పగిలిందో ఇల్వాకు తెలియాలి. ఆమెకు తెలియడం లేదు. చిక్కంతా అక్కడే ఉంది.

ఆమె చేస్తున్న పని వినడానికి సులువే. మొదటి రాయి చల్లారిన ఆ వారాలను కంప్యూటర్లో మళ్ళీ నడపాలి. బట్టీలో వేడిని కొలిచే తీగలు రెండున్నాయి, ఒకటి కప్పు దగ్గర, ఒకటి నేల ఇటుకల కింద. అవి చెప్పిన వేడిని యంత్రానికి అందించి, రాయిని లక్షల గళ్లుగా కోసి, ఏ గడిలోంచి ఏ గడిలోకి ఎంత వేడి పోతోందని అడుగుతుంది. యంత్రం ముందు ఒక అంచనా వేస్తుంది, అందులో తప్పు చూసుకుంటుంది, సరిచేసుకుంటుంది, మళ్ళీ వేస్తుంది. తప్పు తగ్గుతూ తగ్గుతూ వచ్చి ఒకచోట కుదురుకుంటే జవాబు దొరికినట్టు. కుదురుకోకుండా పైకీ కిందికీ ఊగుతుంటే పసుపు త్రికోణం.

గళ్లు ఇంకా చిన్నవి చేసింది. త్రికోణం. కాలాన్ని ఇంకా సన్నగా తరిగింది. త్రికోణం, కాకపోతే ఆలస్యంగా. తొందరపడకు, ఒక్కసారికి సగమే సరిదిద్దుకో అని యంత్రానికి నచ్చజెప్పింది. అది పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నెమ్మదిగా నడిచి, నెమ్మదిగానే బోర్లా పడింది. వేడి గాజులో వేడి వెలుతురులా కూడా పారుతుంది కదా, ఆ లెక్క తీసేసి చూసింది, పెట్టి చూసింది, సగం పెట్టి చూసింది. ఎక్కడో సున్నా ఒకటి తప్పుగా కొట్టానేమోనని ప్రతి అంకెనూ వేలు పెట్టి గట్టిగా చదువుకుంది. పక్క గదిలో చేపబొమ్మలకు అట్టపెట్టెలు మడిచే అమ్మాయి తొంగి చూసి, ఎవరితోనో ఫోన్లో గొడవ పడుతోందనుకుని తలుపు మెల్లగా వేసింది.

వింతేమిటంటే, హెచ్చరిక మొదట్లో రాదు, చివర్లో రాదు. మధ్యలో కొన్ని చోట్ల మాత్రమే వస్తుంది. చక్కగా నడుస్తున్న లెక్క ఎవరో కాలడ్డం పెట్టినట్టు తూలిపోతుంది, మళ్ళీ లేచి నడుస్తుంది, మళ్ళీ తూలుతుంది. ఆ చోట్లలో కింది తీగ గీత ఉన్నట్టుండి గోతిలో పడి లేస్తోందన్నది కూడా ఆమె చూసింది. ఎందుకు పడుతోందో బోధపడలేదు. యంత్రం కాలాన్ని సెకన్లలో చెబుతుంది, ఫలానా లక్షల సెకన్ల దగ్గర పడ్డానంటుంది. అలాంటి అంకెలు చూస్తే ఎవరికి మాత్రం ఏం తోస్తుంది? ఇల్వాకూ తోచలేదు. కరెంటు వాళ్ల మీద అనుమానపడింది, సరుకు లారీ వచ్చినప్పుడు తెరిచే పెద్ద గేటు మీద అనుమానపడింది, చివరికి తన కళ్ల మీదే అనుమానపడి కొత్త కళ్లద్దాలు చేయించుకుంది.

చివరికి గోథెన్‌బర్గ్‌లో ఆ సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్లకు ఫోను చేసింది. మర్యాదస్తుడైన కుర్రాడు ఒకడు దొరికాడు. ఆమె అప్పటికే చేసి చూసినవన్నీ వరసగా మళ్ళీ చేయమన్నాడు. ఆమె చేశాననే మాటను అన్నిసార్లూ అంతే మర్యాదగా అంది. అతను గీతను తెప్పించుకుని చూసి, ఇటుకల కింద వేడి అంత తొందరగా పడిపోవడం జరిగే పని కాదనీ, కింది తీగ పాతబడి అబద్ధమాడుతోందనీ, ఆ గోతులను చెరిపేసి సాఫు చేసుకోమనీ చెప్పాడు. మాట సబబుగానే ఉంది. ఇల్వా చెరిపేసింది. లెక్క వెన్నలా నడిచింది, ఒక్క త్రికోణమూ లేదు. ఆఖర్న యంత్రం ఆమెకు ఒక రాయిని చూపించింది. ఎక్కడా ఒత్తిడి లేని, పగులు లేని, నిండు చందమామలాంటి రాయి.

పగిలిన రాయేమో కింద గోడౌనులో గోనె కప్పుకుని పడుంది.

ఇల్వా కిందికి దిగి గోనె ఎత్తి చూసింది, మెట్లెక్కి వచ్చి తెర చూసింది, మళ్ళీ దిగింది. పగిలానని రాయి అంటోంది, పగల్లేదని లెక్క అంటోంది, ఎవర్ని నమ్మాలి? హెచ్చరికలు ఉన్నప్పుడు ఏమీ తెలియకపోయినా కనీసం తెలియదని తెలిసేది. ఇప్పుడు అదీ లేదు. హోకన్ తలుపు దగ్గర నిలబడి, తొందరేం లేదంటూనే, పోత తేదీ ఎప్పుడో చెబితే బాగుంటుందన్నాడు. ఒకవేళ కుదరదనుకుంటే ఆ పచ్చ సరుకుతో చేపబొమ్మలు చేస్తే అందంగా ఉంటాయని కూడా అన్నాడు. అతను చెడ్డవాడు కాదు. కానీ ఎవాల్డ్ మామ పచ్చదనం ఎవరి బాత్రూము కిటికీలోనో చేపబొమ్మగా మారి కూర్చోవడం తలుచుకుంటే ఇల్వాకు ఒళ్లు మండింది.

అంత దిగుల్లోనూ బుధవారం బుధవారమే. ఈ అడవుల్లో గాజు ఎప్పట్నుంచి ఉందో, గాజు వేడి మీద కాల్చిన ఉప్పు హెర్రింగ్ చేప అప్పట్నుంచి ఉంది. మిగతా కర్మాగారాల్లో ఇప్పుడు దాన్ని టిక్కెట్టు పెట్టి, పాటకచేరీతో సహా యాత్రికులకు వడ్డిస్తున్నారు. రొమ్‌హుల్ట్‌లో మాత్రం బుధవారం సాయంత్రం నలుగురైదుగురు ముసలివాళ్లు తమ బెంచీల మీద తాము కూర్చుని తింటారు. చేపలు, బంగాళాదుంపలు, పులిసిన వాసన కొట్టే లావు సాసేజీలు, చివర్లో మార్గిట్ చేసుకొచ్చే జున్ను కేకు. ఎవాల్డ్ ఉన్నప్పుడు అతనిదే పెత్తనం. అతను పోయాక ఒక్క బుధవారమైనా మానేస్తుందేమోనని అందరూ అనుకున్నారు గానీ మార్గిట్ మానలేదు. ఆ సాయంత్రం తప్ప వారంలో ఇంకే రోజూ ఆవిడ నోట నాలుగు మాటలు వచ్చేవి కావు. చేపల రేకు పెట్టెలను బట్టీ కింద గూట్లోకి తోయడానికి ఆవిడ మోకాళ్లు సహకరించవు కాబట్టి, ఆ పని ఇల్వాకు వచ్చింది. ఇనుప తలుపును కొక్కెంతో లాగి, పెట్టెలు లోపలికి తోసి, పొగ పోవడానికి తలుపు సందులో ఇటుక ముక్క పెట్టి ఉంచాలి.

మే నెలలో ఒక బుధవారం ఇల్వా అలాగే మోకాళ్ల మీద వంగి పెట్టెలు తోస్తోంది. ఆమె నుదుటి మీది పొట్టి జుట్టు గూటి వైపు ఎగిరింది. ఆమె చేత్తో వెనక్కి తోసుకుంది, అది మళ్ళీ ఎగిరింది. చేపలు చుట్టుకొచ్చిన న్యూస్‌పేపర్ ముక్క ఒకటి నేల మీద జరుగుతూ జరుగుతూ వెళ్లి ఇటుకను తాకి, సందులోంచి లోపలికి దూరిపోయి, భగ్గున మండింది. ఇల్వా తల నేలకు ఆనేంత వంచి లోపలికి చూసింది. చెయ్యి చాపితే అందేంత దూరంలో, పెట్టెలకు పైన, చేపల కొవ్వు పొగ పట్టి నల్లబడిన సన్నటి తీగ, వేడిని కొలిచే ఆ కింది తీగ కొస వేలాడుతోంది.

"ఏమే లెక్కలూ, చేపలకు ప్రార్థన చేస్తున్నావా?" అన్నాడు బెంచీ మీద నుంచి సిక్స్‌టెన్. అతను ఎవాల్డ్ దగ్గర నలభై ఏళ్లు కొలిమిలోంచి గాజు తీసిచ్చిన మనిషి, ఇప్పుడు చేసే పనల్లా తినడమూ వెక్కిరించడమూ.

ఇల్వా లేచి, మోకాళ్లు దులుపుకోకుండా మెట్లెక్కి వెళ్లింది. ఆ లక్షల సెకన్లను రోజుల్లోకి మార్చింది. అప్పుడు చూస్తే ఏముంది, మొదటి త్రికోణం బుధవారం. రెండోది బుధవారం. అన్నీ బుధవారాలే, అన్నీ సాయంత్రం ఆరు దాటాకే. ఆమె కుర్చీలో వెనక్కి వాలి చాలాసేపు నోరు తెరుచుకుని కూర్చుంది. కింద ఆ వేళ చేపలు మాడిపోయాయి.

బట్టీ నక్షాలో ఆ గూడు లేదు. అమ్మినవాళ్లు ఇచ్చిన నక్షాలో నేలంతా గట్టి ఇటుక. గూడు ఎవాల్డ్ స్వయంగా ఉలి పెట్టి తొలిచినది, అప్పుడు ఇల్వా పక్కన నిలబడి దీపం పట్టుకుంది కూడా. అందరి దృష్టిలోనూ అది చేపల గూడు. బట్టీకి అదొక చిల్లు అని ఎవరికీ తట్టలేదు. కిటికీ చట్రంలో వెంట్రుక దూరేంత సందు కూడా వదలని మనిషి, తన చేత్తో వారం వారం తెరిచే తలుపును లెక్కలో వదిలేసింది. ఆ తలుపు సందులోంచి చల్లగాలి దూరి రాయికి కింద తగిలినప్పుడల్లా తీగ ఉన్న మాట చెప్పింది, యంత్రమూ ఉన్న మాటే చెప్పింది. గట్టి ఇటుకల్లోంచి అంత వేడి ఎటు పోయిందో దారి తెలియక తూలిపడింది, అంతే. ఇల్వా నక్షాలో గూడు తొలిచింది, చెరిపిన గోతులన్నీ తిరిగి పెట్టింది. లెక్క పొల్లు పోకుండా కుదురుకుంది. ఆఖర్న తెర మీద రాయికి అడుగు నుంచి నడుమ దాకా ఎర్రటి గీత లేచింది, గోనె కింద ఉన్న రాయికి ఉన్నచోటే.

ఇక సంతోషించాలి కదా. ఆమెకు సంతోషం రాలేదు. లెక్క కుదిరాక కానీ ఆ లెక్క ఏం చెబుతోందో మనసుకు పట్టలేదు. ఎవాల్డ్ రాయిని పగలగొట్టింది ఎవాల్డ్ చేపలు. పెట్టింది తను. పెట్టించింది మార్గిట్. ఈ మాట ఆ మనిషికి ఏ నోటితో చెప్పడం? చెప్పకపోతే గూడు మూయడం ఎలా? మూయకపోతే రెండో రాయీ పోతుంది. మూస్తే ఆవిడకు మిగిలిన ఒక్క సాయంత్రం పోతుంది. యంత్రాన్ని అడగడానికి ఇందులో ఏమీ లేదు.

ముందు అబద్ధంతో సరిపెట్టుకుందామనుకుంది. తీగ మరమ్మతు ఉంది, కొన్ని వారాలు గూడు మూసేస్తున్నామని చెప్పింది. మార్గిట్ "అలాగా" అంది. మరి బుధవారం అని అడగబోయి, చేపల సంచీ మడతపెట్టి కోటు జేబులో పెట్టుకుంది. ఆ మడత పెట్టడం చూశాక ఇల్వా ఇక అబద్ధాన్ని మోయలేకపోయింది. పోతకు ముందు ఆదివారం ఆమె సైకిలు వేసుకుని అత్త ఇంటికి వెళ్లింది. మార్గిట్ కాఫీ పెట్టింది, బిస్కెట్లు ఏడు రకాలు సర్దింది. ఇల్వా ఒక్కటీ ముట్టుకోకుండా, తీగ మాట అబద్ధమని చెప్పి, చల్లగాలి, ఇటుకలు, బుధవారాలు, అన్నీ తలకిందులుగా, చివరి నుంచి మొదటికి చెప్పుకొచ్చింది. తన చెయ్యే తెరిచిందని మూడుసార్లు అంది.

మార్గిట్ వింటున్నంతసేపూ కాఫీ గిన్నె మీద చెయ్యి తీయలేదు.

"నాకు తెలుసే" అంది చివరికి.

ఇల్వాకు అర్థం కాలేదు. "ఏం తెలుసత్తా?"

"పెద్ద ముక్క లోపలున్నప్పుడు ఎవాల్డ్ ఆ గూడు తెరవనిచ్చేవాడు కాదు. చర్చికి ఆ పెద్ద బాప్తిస్మం తొట్టి చేసినప్పుడు గుర్తులేదూ? వారాల తరబడి చల్లటి చేపే తినిపించాడు. నేను పోట్లాడాను కూడా."

"మరి ఫిబ్రవరిలో ఎందుకు చెప్పలేదు?"

మార్గిట్ కిటికీ వైపు చూసింది. "ఆయన దేనికీ కారణం చెప్పే మనిషి కాదు. ముట్టుకోకండి, దగ్గరికి రాకండి, అంతే. అదంతా ఆయన చిరాకు అనుకున్నాను. మనిషే పోయాక ఇంకా చిరాకేమిటి అనుకున్నాను." కాఫీ గిన్నె మీద నుంచి చెయ్యి తీసింది. "పైగా అది ఆయన రాయి. ఆయన చేపలే ఆయన రాయికి అడ్డమొస్తాయా?"

కారణం తనకూ మొన్న మే నెల దాకా తెలియలేదని, అది తెలియడానికి నెలన్నర పట్టిందని ఇల్వా చెప్పాలనుకుంది. ఆ మాటలు ఎందుకూ పనికిరావనిపించి ఒక బిస్కెట్టు తీసుకుంది. బాధపడుతోందో, మొగుణ్ణి తిట్టుకుంటోందో, లేక లోలోపల నవ్వుకుంటోందో ఆవిడ మొహం చూస్తే తెలియలేదు. బహుశా మూడూ కావచ్చు.

"ఇటుకలు నేనే పెడతాను" అంది మార్గిట్. "నువ్వు పెడితే సందులు వదుల్తావు."

మోకాళ్ల కింద దిండు వేసుకుని ఆవిడే పెట్టింది. సిక్స్‌టెన్ మట్టి కలిపి అందిస్తూ, చివరికి ఎవాల్డ్ ముసలాయన పంతమే నెగ్గిందని సణిగాడు. మర్నాడు పోత పోశారు. పండక్కి రెండు రోజుల ముందు పెద్ద కొలిమిని ఆర్పారు. అందరూ టోపీలు తీసి నిలబడ్డారు. జూలై వచ్చింది. ఊరు ఊరంతా సెలవుల్లో చెరువు గట్లకూ సముద్రం ఒడ్డుకూ చెదిరిపోయింది. కర్మాగారంలో ఆ ఒక్క బట్టీ మాత్రం, పచ్చ రాయిని కడుపులో పెట్టుకుని, సన్నగా రొద చేస్తూ రోజుకింత చల్లారుతోంది.

ఇల్వా సెలవు తీసుకోలేదు. రోజూ తీగల గీతలు చూసుకోవడమే పని. పై గీత నున్నగా దిగుతోంది. కింది గీతా దిగుతోంది, గోతులు లేవు. కానీ రెండో వారంలో కింది గీతలో చిన్న ఎత్తు, పెదవి చివర నవ్వంత. దిగాల్సిన వేడి దిగడం మానేసి, ఒకింత పైకి లేచి, గంట తర్వాత మళ్ళీ దారిలో పడింది. ఏ రోజని చూస్తే బుధవారం. మరుసటి వారం మళ్ళీ బుధవారం, మళ్ళీ సాయంత్రం. గూడు తెరిస్తే వేడి పడాలి కదా, పెరగడమేమిటి? తలా తోకా లేని ఈ కొత్త చిక్కు ఎక్కడిది? ఇటుకలు బిగించి ఉన్నాయి, తాళాలు వేసి ఉన్నాయి. ఆమె ఆ వారమంతా నిద్ర లేకుండా తిరిగి, బుధవారం నాడు ఆరు కొట్టగానే కర్మాగారానికి వెళ్లింది.

మార్గిట్ మూసిన గూటి ముందు నేల మీద, ఇటుకలకు వీపు ఆనించి, కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. పక్కన పళ్లెంలో చల్లటి చేప, ఒక బంగాళాదుంప, పళ్లెం పక్కన ఎవాల్డ్ పాత తాళంచెవి. అలికిడికి కళ్లు తెరిచింది.

"తెరవలేదే. చూడు కావాలంటే."

"తెలుసత్తా."

"ఇక్కడ వెచ్చగా ఉంటుంది. వీపుకు బాగుంటుంది."

ఇల్వా తల ఊపింది. అప్పటికి విషయం అర్థమైంది. పగలూ రాత్రీ ఆ ఇటుకల్లోంచి బయటికి పోయే వేడి, ఆవిడ కోటూ వీపూ అడ్డం పెట్టడంతో పోలేక కాసేపు లోపలే నిలిచిపోతోంది, అంతే. రాయికి దానివల్ల ఏమైనా అవుతుందా? కాదనే అనిపించింది, కానీ అనిపించడాన్ని ఆ ఏడాది ఆమె నమ్మదల్చుకోలేదు. పైకి వెళ్లి, నక్షాలో ఆ ఇటుకల చోట ఒక మనిషి వీపంత మేర కప్పి, వారం వారం గంటసేపు ఉంచి లెక్క నడిపింది. ఒక్క త్రికోణం రాలేదు. రాయి చెక్కు చెదరలేదు. గోథెన్‌బర్గ్ కుర్రాడు చూస్తే ఆ ఎత్తులను కూడా సాఫు చేయమనేవాడు. ఇల్వా వాటిని చెరపలేదు. ఆ తర్వాతి బుధవారాల్లో తెర ముందు కూర్చుని, ఆరింటికి కింది గీత లేస్తుందా లేదా అని ఎదురు చూసింది. లేచాక గానీ ఇంటికి వెళ్లేది కాదు.

ఆగస్టు చివర్లో బట్టీ తెరిచారు. రాయి నిండుగా ఉంది. ఎండ లోపలికి దూరి, అడవి చెరువు అడుగున ఉన్నట్టు పచ్చగా నిలబడింది. సిక్స్‌టెన్ ఆ సాయంత్రమే గూటి ఇటుకలు పగలగొట్టి హెర్రింగ్ పెట్టెలు తోశాడు, కళ్లు తుడుచుకుంటూ పొగ ఎక్కువైందన్నాడు. ఇంకా బట్టీని మళ్ళీ వేడి చేయనే లేదు, పొగ లేదు.

పేరు చెక్కించి, దాన్ని నిలబెట్టేసరికి నవంబరు, పరిశుద్ధుల దినం వచ్చింది. నాలుగింటికే చీకటి. సమాధుల మీద ఊరివాళ్లు పెట్టిన దీపాలు తడి గాలికి రెపరెపలాడుతున్నాయి. మార్గిట్ తను తెచ్చిన దీపం రాయి వెనక పెట్టింది. పచ్చ వెలుగు గడ్డి మీద పరుచుకుంది. ఆవిడ ఆ వెలుగును కాసేపు చూసి, ఇల్వా భుజం పట్టుకుని మెల్లగా కిందికి దిగి, తెచ్చుకున్న దిండు మీద కూర్చుని, రాయికి వీపు ఆనించింది. వెంటనే ముందుకు జరిగింది.

"చల్లగా ఉందే" అంది.

అంతా సరిగ్గా జరిగింది. ఒక్క పొరపాటూ లేకుండా, లెక్క ప్రకారం, చివరి బిందువు దాకా చల్లారింది. దానికోసమే కదా ఇంత చేసింది. మార్గిట్ వీపును మళ్ళీ మెల్లగా రాయికి ఆనించింది, ఈసారి జరగలేదు. ఇల్వా కోటు బొత్తాలు పెట్టుకుని ఆవిడ పక్కనే తడి గడ్డి మీద కూలబడి, తనూ ఆనుకుంది. చాలాసేపు చలి తప్ప ఏమీ తెలియలేదు. తర్వాత వాళ్ల వీపులు ఉన్న మేరకు రాయి కొద్దిగా వెచ్చబడింది.